జావా గొంతు

ముందుగా ఒక మాట. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ సరిగ్గా నిలబడవు. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే మన్నించి, మీరే సరిచేసుకుని చదువుకోండి. నేను నెమ్మదిగా రాశాను గాని, జరిగింది మాత్రం అయిదు రోజుల్లో జరిగిపోయింది. అరకులో మెకానిక్ సోఫియా షెడ్డుకి ఎదురుగా అప్పట్లో నాకు టీ కొట్టు ఉండేది. కొంత నేను కళ్లారా చూశాను. చూడనిది సోఫియా చెప్పింది.

మంగళవారం పొద్దున్న సోఫియా షెడ్డులో పొయ్యి మీద గిన్నె పెట్టి సీసా బిరడాలు ఉడకబెడుతోంది. రిసార్టులో గదులు తుడిచే కృపావతి కొంగులో మూటకట్టి ఇంకొన్ని తెచ్చింది.

"ఇయ్యాల పదకొండు దొరికాయక్కా. రాత్రి అయిదరాబాదోళ్లు దిగారు. ఆళ్లు ఇంకో వారం ఉంటే నీకు రెండు బళ్లకి సరిపోతాయి."

"ఇంక తాగొద్దను, ఇయ్యి సాలు. ఏడే తక్కువున్నాయి."

"పాస్టరుగారు అడిగితే ఏటి సెప్పను? సోఫియక్క కోసం ద్రాక్షసారా సీసాలు ఏరుతున్నానని సెప్పనా?"

"బిరడాలకి మత్తుండదని సెప్పు."

ఉడికిన బిరడా మెత్తబడుతుంది. సోఫియా దాన్ని తీసి, వేళ్లు కాలుతున్నా వదలకుండా, బ్లేడుతో బిళ్లలుగా కోసింది. జావా అనే పాత మోటారుసైకిలు క్లచ్ ప్లేటు చుట్టూ వరసగా కన్నాలుంటాయి. కన్నానికో బిళ్ల చొప్పున బొటనవేలితో నొక్కి కూర్చింది. బిళ్ల రెండు వైపులా కాస్త పైకి నిలబడాలి. ఆరిన తరవాత కిటికీ అద్దం మీద గరుకు కాగితం పరిచి, ప్లేటును దాని మీద గుండ్రంగా తిప్పుతూ అరగదీసింది. నాలుగు తిప్పులు, ఒక చూపు. మళ్లీ నాలుగు తిప్పులు, ఒక చూపు. బజారులో రబ్బరు ప్లేట్లు దొరుకుతాయి, పది నిమిషాల పని. కాని శనివారం అరకులో జరగబోయే మోటారుసైకిళ్ల రేసులో పాత బళ్ల తరగతికి ఒక నియమం ఉంది. టైర్లు, గొలుసు, ప్లగ్గు, తీగలు తప్ప బండిలో ఏ భాగమూ డెబ్బయి అయిదో సంవత్సరం తరవాతది కాకూడదు. అప్పటి పద్ధతిలో ఇలా బిరడా కార్కు కూర్చిన ప్లేట్లు చెల్లుతాయి. రబ్బరువి చెల్లవు.

బండి అరవై ఎనిమిదో సంవత్సరంది. ఒకప్పుడు క్రైస్తవ మిషనువాళ్లది. కొండ బాటల కోసం అప్పుడే దాన్ని మార్చారు. సైలెన్సర్లు రాళ్లకి తగలకుండా పైకెత్తారు, హ్యాండిల్ వెడల్పు చేశారు, ముందు మడ్‌గార్డు పీకేశారు. దాన్ని మిషను పాత సామాన్లలోంచి కొన్నవాడు వెంకటరావు. విజయనగరం వైపు నుంచి వచ్చి అరకులో ఇనుప సామాన్ల కొట్టు పెట్టిన మనిషి. ఎనిమిది నెలల కిందట నా కొట్టు ముందు నిలబడి, చేతిలో గ్లాసు పట్టుకుని, నేను వింటుండగానే సోఫియాతో అన్నాడు. "బండి నాది. పని నీది. రేసులో ఎక్కేది నువ్వు. నా కొట్టు పేరు బండి మీదుంటే సాలు."

ఆ ఒక్క మాట మీద ఎనిమిది నెలలు గడిచాయి. సోఫియా పంచర్లు వేస్తూ, ఆటోలు బాగుచేస్తూ, మధ్యలో దొరికిన గంటా అరగంటా ఈ బండికి పెట్టింది. తుప్పు పట్టిన ప్రతి బోల్టునూ కిరసనాయిల్లో నానబెట్టి తీసింది. ఒక్కదాన్నీ కోసెయ్యలేదు.

సాయంత్రం నాలుగింటికి ప్లేట్లు నూనెలోంచి తీసి, బిగించి, మూత వేసింది. ట్యాంకులో పెట్రోలు పోసి, కొలిచిన ఆముదం కలిపి, బండిని పట్టుకుని బాగా ఊపింది. జావాకి కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు. స్టార్టయ్యాక ముందుకి మడిస్తే అదే గేరు. పాతకాలం పాయింట్లతో నిప్పురవ్వ పుట్టే బండి కాబట్టి తొందరపడి తొక్కితే తిరిగి తంతుంది. ఒకసారి తొక్కింది, ఏమీ లేదు. రెండోసారి ఒక దగ్గు. మూడోసారి బండి మొత్తం వణికి అందుకుంది.

టప్. టటప్. టప్. టప్పటప్.

కొట్టులో గ్లాసులు కడుగుతున్న నా చేతులు ఆగిపోయాయి. తలుపు దగ్గరికి వచ్చేసరికి సోఫియా చీర కుచ్చిళ్లు దోపుకుని కాఫీ తోటల బాట పట్టింది. ఎర్ర మట్టి మెత్తగా ఉంది. మొదటి మలుపులో వెనక చక్రం పక్కకి జారితే, ఆమె భుజం అటు వాల్చి దాన్ని మళ్లీ దారిలోకి తెచ్చుకుంది. రాడ్డు పైకెత్తగానే క్లచ్ దానంతటదే విడిచిపెట్టి, కార్కులు మెత్తగా పట్టుకున్నాయి. ఒక్క కుదుపు లేదు. మిరియాల తీగలు పాకిన చెట్లు పక్కనించి వెనక్కి పోతుంటే ఆమె గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. దారిలో కాఫీ గింజలు ఎండబోసుకుంటున్న ముసలాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడట, ఏదో జంతువు వస్తోందని.

పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. మొహం నిండా మట్టి. పళ్లు మాత్రం తెల్లగా కనిపించాయి.

"మూడో గేరులో ఎక్కేసింది," అంది. "ఆ కొండ మూడో గేరులో ఎక్కేసింది."

మర్నాడు బుధవారం వెంకటరావు మినీ లారీ తెచ్చాడు. విశాఖపట్నంలో ఫొటోలు తీయించి హోర్డింగు వేయిస్తానన్నాడు. సోఫియా బండిని లారీ ఎక్కించి, ట్యాంకు గీసుకోకుండా గోనెసంచులు చుట్టి, నాలుగు వైపులా తాళ్లు కట్టింది. కట్టిన ప్రతి ముడినీ రెండుసార్లు లాగి చూసింది.

"నన్ను కూడా ఎల్లమంటావా సావుకారూ?"

"ఎందుకమ్మా? ఫొటోలే గదా. రేపు సాయంత్రానికి నీ ముందుంటాది."

గురువారం సాయంత్రం సోఫియా షెడ్డు లోపల ట్యూబుకి పట్టీ అతికిస్తోంది. బయట లారీ ఆగిన చప్పుడు, బండి దింపిన చప్పుడు వినిపించాయి. తరవాత ఒక్క కిక్కు. ఒక్కటే.

డగడగడగడగ.

ఆమె చెయ్యి పట్టీ మీద ఆగిపోయింది. జిగురు ఆరిపోతోంది గాని ఆమె చూసుకోలేదు. చప్పుడు గడియారంలా సమంగా వస్తోంది. తడబాటు లేదు, దగ్గు లేదు. ముసలి మనిషి గొంతులోంచి కుర్రవాడు మాట్లాడుతున్నట్టుంది.

బయట వెంకటరావు పక్కన ఇరవై నాలుగేళ్ల యువకుడు నిలబడి ఉన్నాడు. కొత్త తోలు జాకెట్టు, కొత్త బూట్లు. కుడి కాలి మీద బరువు వేయకుండా నిలబడ్డాడు.

"మా తమ్ముడి కొడుకు నరేష్," అన్నాడు వెంకటరావు. "సోఫియా, నువ్వు మరోలా అనుకోకు. శనివారం ఈడు ఎక్కుతాడు. పేపరోళ్లు వత్తన్నారు, టీవీ వోళ్లు వత్తన్నారు. నీ పేరేటీ పోలేదు. సూడు, అచ్చేయించాను."

లారీలోంచి పోస్టరు విప్పి చూపించాడు. పైన అతని కొట్టు పేరు, మధ్యలో బండి మీద నరేష్, కింద పెద్ద అక్షరాలతో 'అరకు ఆడ మెకానిక్ సోఫియా కట్టిన బండి'.

సోఫియా పోస్టరు వంక చూసింది. తరవాత వెంకటరావు వంక చూసింది.

"మాటిచ్చావు సావుకారూ."

"ఇచ్చాను. కాదన్నానేటి? రేసులో పడి కాళ్లిరిగితే రేపు నీ షెడ్డు ఎవరు నడుపుతారు? నీ మంచికే."

సోఫియా లోపలికి వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చి, బండికి కుడి వైపున నేల మీద కూర్చుని, గుండ్రటి మూత విప్పింది. అక్కడ ఉండాల్సిన సీబీ పాయింట్లు లేవు. ప్లగ్గులో ఎప్పుడు నిప్పురవ్వ పుట్టాలో చెప్పే చిన్న ఇనుప పెదవులవి, ఇంజను తిరిగే కొద్దీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. వాటి చోట పచ్చటి సర్క్యూటు బిళ్ల బిగించి ఉంది. దాని తీగలు సీటు కిందకి పోయి, అక్కడ అగ్గిపెట్టెంత నల్ల డబ్బాలో కలిశాయి. ఈమధ్య కాలం ఎలక్ట్రానిక్ కిట్టు.

నరేష్ వంగి మెల్లగా అన్నాడు. "అక్కా, ఫొటోల దగ్గర ఎంత తొక్కినా స్టార్టవలేదు. పైగా తన్నింది." ప్యాంటు పైకి లాగి చూపించాడు. మోకాలి కింద వంకాయ రంగులో కమిలిపోయి ఉంది. "అక్కడి మెకానిక్ ఇది పెట్టాడు. ఇప్పుడు సూపరు."

"పాత పాయింట్లు?"

"పారేశాడేమో."

"లోపల ఉన్నది ఎవరు సూత్తారు?" అన్నాడు వెంకటరావు. "మూత పైన పాతదే గదా."

శుక్రవారం అరకులో సంత. పసుపు, చింతపండు, కోళ్ల బుట్టలతో జనం రోడ్డు నిండా దిగుతున్నారు. రేసు మైదానంలో మాత్రం తొమ్మిదింటికే బళ్లు వరస కట్టాయి. పరీక్షించేది రామారావుగారు. రిటైరైన మోటారు ఇన్‌స్పెక్టరు, డెబ్బయి దాటిన మనిషి, మెడలో టార్చిలైటు వేలాడేసుకున్నాడు. జావా దగ్గరికి వచ్చేసరికి అద్దాలు తుడుచుకున్నాడు.

"సైలెన్సర్లు ఎవరెత్తారమ్మా?"

"మిషనులో అప్పట్లోనే ఎత్తారు బాబూ. వెల్డింగు పాతదే. నేను రంగు కూడా వెయ్యలేదు."

"క్లచ్ ప్లేట్లు?"

"కార్కు. నేనే కూర్చాను."

ఆయన ముసలి మొహం వెలిగింది. ఎలా ఉడకబెట్టిందో, నూనెలో ఎంతసేపు ఉంచిందో అడిగి తెలుసుకున్నాడు. కార్కులు ఎక్కడివంటే చెప్పింది. ఆయన నవ్వుతుంటే టార్చిలైటు పొట్ట మీద ఎగిరింది. తరవాత ఒక కాగితం అట్ట మీద పెట్టి ఇచ్చాడు.

"ప్రతి ఇంజనూ నేను విప్పి చూడలేను తల్లీ. డెబ్బయి అయిదు తరవాతి భాగం ఏదీ ఇందులో లేదని కట్టిన మెకానిక్ సంతకం పెట్టాలి. ఆ సంతకమే నా కళ్లు. సాయంత్రం నాలుగింటికి ఈ పుస్తకం మూసేస్తాను. ఎక్కేవాళ్ల పేరు మాత్రం రేపు పొద్దున్న దాకా మార్చుకోవచ్చు."

సోఫియా పెన్ను పట్టుకుంది. వేలి మీద గ్రీజు ఉంది. చీర కొంగుకి తుడుచుకుంది. మళ్లీ పట్టుకుంది. తరవాత పెన్నును కాగితం మీద అడ్డంగా పెట్టి, "నాలుగు లోపల వత్తాను బాబూ," అంది.

వెంకటరావు ఆమెను హోర్డింగు వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ వెదురు బొంగులు, మేకులు పడి ఉన్నాయి.

"ఏటి సేత్తన్నావు నువ్వు? సంతకం ఎందుకు పెట్టలేదు?"

"అందులో కొత్త కిట్టుంది."

"నీకూ నాకూ నరేష్‌కీ తప్ప ఎవరికి తెలుసు?"

"మన ముగ్గురికి తెలుసు గదా."

వెంకటరావు అటూ ఇటూ చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. పోస్టర్లు విజయనగరం దాకా అంటించాడు. అన్నిటి మీదా సోఫియా పేరే ఉంది. వేరే మెకానిక్ చేత పెట్టిద్దామంటే కుదరదు.

"సరే," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వే ఎక్కు. నరేష్‌కి నేను సెప్పుకుంటాను. ఇప్పుడే పోయి నీ పేరు రాయిత్తాను. సంతకం పెట్టీ."

సోఫియా బొంగుకి ఆనుకుంది. పక్కనే ఉన్న మైదానంలో తాళ్లు కట్టి దారి వేశారు. అది ఎర్ర మట్టి గట్టెక్కి, కాఫీ తోట అంచున తిరిగి, వాగులో దిగి వస్తుంది. ఎనిమిది నెలలుగా ఆమె ఆ దారిని మనసులో తొక్కుతూనే ఉంది. ఎక్కడ గేరు దించాలో, ఎక్కడ లేచి నిలబడాలో తెలుసు. ఒక్క గీత గీస్తే అది ఆమెది. ఎంతసేపు అలా నిలబడిందో తనకే తెలియదంది నాతో. పక్కన ఎవరో మేకు కొడుతున్నారు. ఆ మేకు పూర్తిగా దిగేదాకా నిలబడిందట.

"పెట్టను సావుకారూ," అంది.

"ఎక్కడం కావాలని ఏడిసింది నువ్వే గదా?"

"కావాల. ఇప్పుడూ కావాల. ఇలాగ వద్దు."

వెంకటరావు మొహం గట్టిపడింది. "అయితే నరేషే ఎక్కుతాడు. దేవుడు దిగొచ్చినా మారదు. నాలుగింటికి బండి లైన్లో లేకపోతే మాత్రం నా పరువు తీసింది నువ్వేనని ఊరంతా సెప్తాను."

"కిట్టు తీసి, పాత పాయింట్లకి మారకం ఇచ్చెయ్యొచ్చా?"

"కిట్టు పోతే పోనీ. బండి నిలబడాల."

ఆమె మైదానంలోనే కూర్చుని కిట్టు విప్పింది. బిళ్ల, డబ్బా, తీగలు గుడ్డలో చుట్టి స్కూటరు డిక్కీలో వేసింది. సంత జనాన్ని తప్పించుకుంటూ పెదబయలు రోడ్డు పట్టేసరికి పదకొండయింది.

అక్కడికి పాతిక కిలోమీటర్లలో, రోడ్డు దిగి బండలు దాటాక, బుధు పిండి మర ఉంది. బుధు సోఫియాకి వరసకి మేనమామ. అతని మర తిప్పేది కరెంటు కాదు, అరవైల నాటి పాత జావా ఇంజను. దుంగలకి బిగించి, బెల్టు తగిలించి, ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల చోళ్లన్నీ, అంటే రాగులన్నీ, దానితోనే ఆడిస్తున్నాడు. సోఫియా ఏటా ఒకసారి వచ్చి దానికి ప్లగ్గు మార్చి పోతుంది. అందుకే ఆమెకి గుర్తొచ్చింది. దాని లోపలి పాయింట్లు ఎవరూ మార్చనివి.

ఆమె వెళ్లేసరికి మర ముందు ఏడెనిమిది మంది ఆడవాళ్లు బుట్టలతో కూర్చుని ఉన్నారు. విషయం విని బుధు నోట్లో చుట్ట తీశాడు.

"పేణం అడుగు ఇత్తాను. పాయింట్లు అడక్కు."

"ఊరికే కాదు మావా. దీనికంటే మంచిది పెడతాను. ఒక్క కిక్కుకి అందుకుంటాది. నీ కాలు నొప్పి పోతాది."

"అంత మంచిదయితే నీ బండికే ఉంచుకో."

"నా బండికి మంచిది పనికిరాదు. పాతదే కావాల."

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. ఒకామె బుట్ట మీద మోచెయ్యి ఆనించి అడిగింది. "ఏ బండమ్మా అది?"

"జావా."

"జావ కోసమే మేమూ కూకున్నాం. మా సోళ్లు ఆడించి పో."

"పట్నపోళ్లకి పిచ్చెక్కింది," అంది ఇంకో ముసలామె. "కొత్తదిచ్చి పాతది పట్టుకెల్తారు. మా ఆయనున్నాడు, పట్టుకెల్తావేటి?"

సోఫియా కూడా నవ్వింది. కాని చేతి గడియారం చూసుకుంది. పన్నెండున్నర. బుధు చుట్ట మళ్లీ వెలిగించి, పొగ వదిలి, చివరికి తల ఊపాడు. "మర ఆగకూడదు. అది ఆగితే వీళ్లు నన్ను తిరగట్లో వేసి విసురుతారు."

పాయింట్లు తీయడానికి పావుగంట పట్టింది. పిండి పేరుకుని స్క్రూలు కనపడలేదు. వేలితో గోకి, ఊది, ఒక్కొక్కటే తీసింది. అరచేతిలో పెట్టుకుని చూస్తే వెలుగులో చిన్న పెదవులు నీలంగా మెరిశాయి. అరిగాయి గాని బతికే ఉన్నాయి. వాటికి జతగా ఉండే కండెన్సరు కూడా తీసి జాకెట్టులో దోపుకుంది.

ఇప్పుడు వెళ్లిపోవచ్చు. మర సంగతి రేపు చూడొచ్చు. బుధు కూడా అన్నాడు, "పోతే పో, టయిమవుతంది గదా," అని. కాని బుట్టల దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వు ఆపి ఆమె చేతుల్నే చూస్తున్నారు. పొద్దున్నే నడిచి వచ్చినవాళ్లు. సోఫియా మళ్లీ నేల మీద చతికిలబడింది.

కిట్టు బిళ్ల మరలోకి సరిగ్గా కూర్చోలేదు. ఒక చెవి అడ్డొచ్చింది. ఆకురాయి అడిగితే బుధు దగ్గర లేదు. ముసలామె బుట్టలోంచి కొడవలికి నూరుడు పెట్టే రాయి తీసి ఇచ్చింది. సోఫియా బిళ్ల చెవిని ఆ రాయి మీద అరగదీసింది. ఇంకొకామె తీగలు పట్టుకుంది. మరొకామె పైట చెంగు అడ్డం పెట్టి దుమ్ము పడకుండా చూసింది. ఒంటిగంటా యాభైకి బుధు కాలెత్తి ఒక్క కిక్కు తొక్కాడు.

డగడగడగడగ.

బెల్టు కదిలింది. బుధు చుట్ట కింద పడింది. "ఓలమ్మా," అన్నాడు. ముసలామె అప్పటికే తన బుట్ట గరాటులో ఒంపేసింది. వరసలో ఆమెది నాలుగో స్థానం. మిగతావాళ్లు ఆమె మీద పడి తిడుతుంటే, ఆ గోలలోంచి సోఫియా స్కూటరు స్టార్టు చేసింది.

మైదానం చేరేసరికి మూడు దాటి అయిదు నిమిషాలు. పాయింట్లు బిగించింది. వాటి మధ్య ఖాళీ సరిచూడ్డానికి సిగరెట్టు పెట్టె అట్ట ముక్క పెట్టి స్క్రూ బిగించి లాగి చూసింది. ప్లగ్గు తీసి, లోపల పిస్టను ఎంత పైకొచ్చిందో తెలియడానికి ఆ కన్నంలో గీత పెట్టిన సైకిలు చువ్వ దించింది. మందుల పెట్టెలో మడిచి వచ్చే పల్చటి కాగితం చింపి పాయింట్ల మధ్య పెట్టింది. ఒక చేత్తో ఇంజను కొంచెం కొంచెం తిప్పుతూ, ఇంకో చేత్తో కాగితాన్ని మెల్లగా లాగుతూ ఉంది. చువ్వ గీత దగ్గరికి వచ్చినప్పుడే కాగితం వదలాలి. ముందు వదిలితే బండి తంతుంది, వెనక వదిలితే ఈడుస్తుంది. మొదటిసారి ముందే వదిలింది. పాయింట్లు బిగించిన రేకును వెంట్రుకవాసి తిప్పింది. రెండోసారి ఆలస్యమైంది. చుట్టూ పది మంది చేరారు. రామారావుగారు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. అయిదోసారి గీతా కాగితం ఒక్కసారే వదిలాయి. ఆయన గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది.

నాలుగుకి ఏడు నిమిషాలుండగా సోఫియా సంతకం పెట్టింది. ఎక్కేవాళ్ల పేరు దగ్గర నరేష్ అని అప్పటికే రాసి ఉంది. దాని కింద మెకానిక్ అన్న చోట తన పేరు రాసి పెన్ను ఇచ్చేసింది.

"ఇప్పుడు తొక్కు," అంది నరేష్‌తో.

నరేష్ తొక్కాడు. బండి దగ్గింది. మళ్లీ తొక్కాడు. రాడ్డు వెనక్కి కొట్టింది, అతను కాలు తీసేసుకున్నాడు.

"పిస్టను పైకి వచ్చేదాకా మెల్లగా తే. అప్పుడు ఒకేసారి, మొత్తం బరువు. మజ్జిలో బయపడకు."

సోఫియా దాచకుండా అంతా చెప్పింది. కాలు ఎక్కడ పెట్టాలో, యాక్సిలేటరు ఎంత తిప్పాలో, పక్కన నిలబడి చేతితో చూపించింది. అతను తొమ్మిదిసార్లు తొక్కాడు. తొమ్మిదోసారి తన్నింది కమిలిన చోటే తగిలింది. నేల మీద కూర్చుండిపోయి రెండు చేతులతో కాలు పట్టుకున్నాడు. రేసులో ఇంజన్లు ఆపేసి, ఇరవై అడుగుల దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, స్టార్టు చేసుకుని బయల్దేరాలి.

"పెదనాన్నా," అన్నాడు. "నావల్ల అవ్వదు. నిన్నటి బండి కాదిది."

"మొన్నటి బండి," అంది సోఫియా.

వెంకటరావు హోర్డింగు వంక చూశాడు. తరవాత సోఫియా వంక తిరిగాడు. "ఆ కిట్టు ఎక్కడుంది?"

"పెదబయలు రోడ్డులో సోళ్లు ఆడతంది."

"తిరిగి తెస్తే?"

"నేను సంతకం పెట్టేశాను సావుకారూ."

అతను కొంచెంసేపు బండి చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద చెయ్యి వేశాడు, తీశాడు. నరేష్ జాకెట్టు విప్పి సోఫియా చేతికిచ్చాడు. "పెద్దదవుతాది అక్కా. చేతులు మడుచుకో." వెంకటరావు రామారావుగారి బల్ల వైపు నడిచాడు. దూరం నుంచి సోఫియాకి అతని వీపు మాత్రమే కనిపించింది. వంగి ఏదో రాస్తున్నాడు.

శనివారం కొట్టు మూసేసి నేనూ వెళ్లాను. పదకొండు బళ్లు వరసగా నిలబెట్టారు. ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో పదకొండు మంది. పది మంది మగవాళ్లు, తోలు జాకెట్టు చేతులు మడిచిన సోఫియా. చీర బదులు వదులు ప్యాంటు. పక్కవాడు ఆమెతో ఏదో అన్నాడు, ఆమె తల ఊపింది. జెండా దిగింది.

అందరూ పరిగెత్తారు. సోఫియా పరిగెత్తలేదు. వడివడిగా నడిచింది, అంతే. మొదటి బళ్లు అందుకుని మట్టి చిమ్ముకుంటూ పోయాయి. ఆమె రాడ్డు వెనక్కి తిప్పి, పిస్టనుని మెల్లగా పైకి తెచ్చింది. ఆరుగురు వెళ్లిపోయారు. అప్పుడు ఒకేసారి లేచి, మొత్తం బరువుతో రాడ్డు తొక్కింది.

టప్. టటప్. టప్పటప్.

రాడ్డు ముందుకి మడిచి, గట్టు ఎక్కేసరికి మొదటివాడి గేరు తప్పి బండి వెనక్కి జారుతోంది. అతన్ని తప్పించుకుని మూడో గేరులో పైకి పోయింది. కృపావతి నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు పగిలింది. చూసేవాళ్లందరూ లేచి నిలబడ్డారు, నిన్నటి సంత నుంచి ఉండిపోయినవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని కేకలు పెట్టారు. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆమె అయిదోది. వాగులో నీళ్లు రెండు పక్కలా లేచాయి. రెండో చుట్టు మధ్యలో ఇంకో ఇద్దరిని దాటింది.

మైకు పట్టుకున్న అతను విశాఖపట్నం మనిషి. ఆమె బండి నంబరు చూసి కాగితం తిరగేశాడు.

"మూడో స్థానంలో పదిహేడో నంబరు జావా. మెకానిక్, కొర్రా సోఫియా. ఎక్కింది..." ఒక క్షణం ఆగాడు. "ఎక్కింది కూడా కొర్రా సోఫియా అనే ఉందండి. రెండు చోట్లా ఒకే పేరు రాసేశారు. ఎవరో పొరపాటు పడ్డట్టున్నారు."

బల్ల పక్కన నిలబడ్డ వెంకటరావు చెయ్యి చాచి మైకు తనవైపు లాక్కున్నాడు.

"పొరపాటు కాదు బాబూ," అన్నాడు. "రాసింది నేనే. రెండు సోట్లా ఆవిడే."

ఆ మాట మైదానమంతా వినపడింది. సోఫియా వినలేదు. ఆమె అప్పటికి కాఫీ తోట మలుపులో, ముందున్న ఇద్దరిలో ఒకడి వెనక చక్రం మీదే కళ్లు పెట్టి, గేరు దించుతోంది.

పాంగి తెరిసమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు పెదబయలులో మా పెద్దమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.